లైస్‌బెత్ జోళ్ల అచ్చు

డెల్ఫ్ట్ నగర కాపురస్తురాలు, కుమ్మరి క్లాస్ కూతురు, గోవర్ట్ భార్య, యాభై రెండేళ్ల బరేండినా అనే నేను స్వదస్తూరితో వ్రాసుకున్న వీలునామా ఏమనగా: నా ఒంట్లో జబ్బు ముదిరింది గానీ బుద్ధి చెడలేదు. ఎవరి బలవంతమూ లేదు. బలవంతం చేయగలిగినవాడికి నేనిది రాస్తున్నట్టే తెలియదు.

1. మా నాన్న నుంచి వచ్చి, పెళ్లినాటి ఒప్పందం ప్రకారం నా ఒక్కదాని పేరనే ఉన్న కుమ్మరిశాల, బట్టీ, రంగుల గది యావత్తూ నా దగ్గర బొమ్మలు గీసే స్టైన్‌చేకు సర్వహక్కులతో చెందవలసినది. కారణం మూడో అంశంలో ఉంది. నేను కాళ్లు వెచ్చబెట్టుకునే నిప్పుల పెట్టె కూడా తనకే. పాపం, తన మోకాళ్లు ఈ మధ్య సరిగా లేవు.

2. ఆడపడుచు నెల్లేకు అటక మీది ఉయ్యాల తొట్టి. నా పాప లైస్‌బెత్ పద్నాలుగు నెలలకే జ్వరంతో పోయిన రోజు, "ఊరుకో వదినా, ఏడాది తిరిగేసరికి ఇంకోటి పుడుతుందిలే" అంది మహాతల్లి. పుట్టలేదు. తొట్టిలో ఉల్లిపాయలు పోసుకోమనండి.

3. భర్త గోవర్ట్‌కు జోళ్ల అచ్చు. అది తప్ప మరేమీ లేదు. పాప గుర్తుగా ఆ పాదాలంత పింగాణీ జోళ్లు చేసిపెట్టమని నేనే అడిగాను. ఆయన పాప కాళ్ల నుంచి తోలు జోళ్లు ఊడదీసి అచ్చు తీశాడు. తిరిగి తొడగడం మరిచాడు. పాపను వట్టి పాదాలతో తీసుకుపోతుంటే స్టైన్‌చే తన తలగుడ్డ విప్పి వాటికి చుట్టింది. కాలితే మట్టి కుదించుకుపోతుందని పుట్టుకుమ్మరికి తెలియదా? అచ్చు కాస్త పెద్దది చేయాలని తోచలేదు. బట్టీలోంచి తీస్తే జోళ్లు బొటనవేలి వెడల్పు తక్కువొచ్చాయి. నేను గుండెలు బాదుకుంటుంటే, "చిన్నవైతే ఏమైందే? ఇంకా ముద్దొస్తున్నాయి. పెళ్లివాళ్లు ఎగబడి కొంటారు చూడు" అన్నాడు.

కొన్నారు. కొత్త దంపతులు ఒకే బాటన నడవాలని పింగాణీ జోళ్లు ఇచ్చే ఆనవాయితీ మా అమ్మమ్మ నాటికే ఉంది. అప్పటివి మడమెత్తువి, మూతి సూదిగా ఉండేవి. ఇరవై ఒక్క ఏళ్లుగా మాత్రం ప్రతి పెళ్లికీ నా పాప జోళ్లే. చలిమంట గూటి పైన, జతగా, శుభానికని. వాటిపై పువ్వులన్నీ నేనే గీశాను. ప్రతి జోడు అడుగునా 9-2 అని రాశాను. కొన్నవాళ్లు నమూనా సంఖ్య అనుకున్నారు. గోవర్ట్ కూడా అలాగే అనుకున్నాడు, అందుకే ఆయన్ని క్షమించలేకపోయాను. అది పాప పోయిన రోజు.

4. మూడో అంశాన్ని గురువారం సంతలో గట్టిగా చదివించాలి. ఆ తర్వాత గోవర్ట్ ఆ అచ్చుతో ఏ పెళ్లికూతురికి అమ్ముకుంటాడో అమ్ముకోనివ్వండి.

5. ఎండుమట్టి అంటిన ఆ తోలు జోళ్లు నా శవపేటికలో, నా చేతికి అందేచోట పెట్టండి. తొడిగే పని నాది.

6. సాక్షి లాంబర్ట్, నీ పెళ్లి జత కూడా నా చేతిదే. నువ్వు మంచివాడివి. నీ భార్యకు నెలలు నిండుతున్నాయనీ తెలుసు. సంతకం పెట్టి, ఇంటికి వెళ్లి, ఆ జోళ్లు తిరగేసి చూసుకో.

ఇట్లు, 1743 ఫిబ్రవరి 9.

(సంతకం) బరేండినా

సాక్షులు:
వౌటర్, రొట్టెల దుకాణం
లాంబర్ట్, నోటరీ గుమాస్తా. సిరా అలికినా సంతకం నాదే.