బోనాల ఆదివారం నీళ్ళు

సైనిక్‌పురి,
శుక్రవారం

నా షాగుఫ్తాకు,

నా ఫోన్ ఎత్తవని తెలిసి ఈ కాగితం జాన్ సాహెబ్ చేతికిచ్చాను. ఇక్కడ కూరగాయలు దింపి మళ్ళీ మోండా మార్కెట్‌కే వెళ్తాడు కదా. చింపేసే ముందు ఒక్కసారి చదువు.

పిల్లల ఆపరేషన్లకొచ్చే మిషన్ డాక్టర్ల బృందం మన గెస్ట్‌హౌస్‌లో మళ్ళీ దిగింది. ఈసారి పంతొమ్మిది మంది. స్నానాల గదులు అవే రెండు. పొద్దున ఐదింటికే తువ్వాళ్ళు భుజాన వేసుకుని వరండా దాకా వరస కడుతున్నారు. ఒకరికి గుడ్డు పడదు, ఒకరికి గోధుమ పడదు, ఒకాయనకైతే పోపు వాసనే పడదు. నీ తర్వాత వచ్చిన వంటావిడ, వీళ్ళు దిగిన మూడో రోజుకే కొంగు దులుపుకుని వెళ్ళిపోయింది. వండేదీ నేనే, దుప్పట్లు ఉతికేదీ నేనే. నిలబడి ఏడవడానికి కూడా తీరిక లేదంటే నమ్ము.

టిఫిన్ ముందు బల్ల చుట్టూ నిలబడి ఒక్కొక్కరం దేవుడికి ఒక్కో కృతజ్ఞత చెప్పుకునే పద్ధతి ఇంకా అలాగే ఉంది. పనివాళ్ళమని మనల్నీ వదలరుగా. "అల్లా దయతోని ఇయ్యాల అన్నం మాడలే" అని నువ్వు అందరినీ నవ్వించేదానివి. ఈ రోజు నా వంతు రాగానే "వాన పడింది" అని చెప్పి వంటింట్లోకి పారిపోయాను.

ఇక దాచలేను. కిందటేడు బోనాల ఆదివారం దారులు మూసేస్తే మంచినీళ్ళ క్యాన్ల ఆటో రాలేదు. హాల్లో క్యాన్లు ఖాళీ. డాక్టర్లు బాటిళ్ళు పట్టుకుని నా వెంట పడుతున్నారు. నీ రెండు పొయ్యిల మీదా అన్నం, పప్పు ఉడుకుతున్నాయి. కాచి పోసే వీలెక్కడిది? రెండు క్యాన్లు పెరట్లోకి తీసుకెళ్ళి బోరు నీళ్ళు పట్టి, మూత బిగించి, తెచ్చి హాల్లో పెట్టాను. మనం రోజూ తాగే నీళ్ళే కదా, మనకేమైంది, వీళ్ళకేమవుతుంది అనుకున్నాను. అంతే షాగుఫ్తా, అంతకు మించి ఆలోచించలేదు.

తెల్లారేసరికి పదకొండు మంది డాక్టర్లు మంచాన పడ్డారు. గ్రహణమొర్రితో వచ్చిన తొమ్మిది మంది పిల్లల ఆపరేషన్లు ఆగిపోయాయి. మన మేనేజర్ విజయేందర్ గారు నీ పెరుగు చట్నీ వల్లేనని నీ మీద పడ్డారు. ఎనిమిదేళ్ళు ఈ ఇంటికి వండిన నిన్ను అందరి ముందూ నిలబెట్టి, చేతులు కడుక్కోవడం రాదని అన్నారు. నేను నీ పక్కనే ఉన్నాను. నోరు విప్పితే పని పోతుంది, తలదాచుకునే ఆ వెనక గదీ పోతుంది. ఆ భయంతో నిన్ను బలిపెట్టాను. ఆ తర్వాత సైనిక్‌పురి నుంచి కార్ఖానా ఏరియా దాకా ఏ ఇంట్లోనూ నీకు వంట పని ఇవ్వలేదట. మార్కెట్లో వెల్లుల్లి ఒలుస్తున్నావని జాన్ సాహెబ్ చెప్పిన రోజు నా మీద నాకే అసహ్యం వేసింది.

తిట్టు, శపించు. ఏదో ఒకటి రాయి.

స్వర్ణలత

*

మోండా మార్కెట్,
శనివారం

స్వర్ణక్కకు,

తిట్టడానికి నాకు కొత్తగా తెలిసిందేముంది? ఆ రోజే తెలుసు. నేనూ ఆ క్యాన్‌లో నీళ్ళే తాగాను. మన బోరు నీళ్ళ ఉప్పదనం నాకు తెలియదా?

విజయేందర్ సార్ అరుస్తుంటే నీ వైపు చూశాను. నువ్వు తల దించుకున్నావు. సరే, భయపడింది, సాయంత్రానికి చెబుతుందిలే అనుకున్నాను. సంచి పట్టుకుని గేటు దగ్గర గంటసేపు నిలబడ్డాను అక్కా. నువ్వు వచ్చావు. వచ్చి, దారిలో తినమని నా చేతిలో పులిహోర డబ్బా పెట్టి వెళ్ళిపోయావు. నీళ్ళ సంగతి ఎప్పుడో మరిచిపోయేదాన్ని. ఆ డబ్బా మాత్రం మరిచిపోలేకపోయాను. మా అమ్మ జైతున్ బీ అది చూసి, "ఎంత మంచి మనిషే నీ స్వర్ణక్క" అంది. 

తెలిసినదానికే మళ్ళీ చెప్పావు. తెలియనివాళ్ళు ఆ బల్ల చుట్టూ ఉన్నారు.

షాగుఫ్తా

*

సైనిక్‌పురి,
సోమవారం

షాగుఫ్తా,

చెప్పేశాను. ఈ పొద్దున నా వంతు వచ్చినప్పుడు, "కృతజ్ఞత చెప్పే మొహం నాకు లేదు" అని మొదలుపెట్టి, క్యాన్లు, బోరు, నీ చట్నీ, నా మౌనం, అన్నీ చెప్పాను.  ఇడ్లీలు చల్లారిపోయినా ఎవరూ చెయ్యి పెట్టలేదు.

"ఏందమ్మా గిది! ఏడాది సంది మా నడుమనే తిరుక్కుంట గింత మాట కడుపుల పెట్టుకున్నవా?" అని విజయేందర్ గారు మండిపడ్డారు.

పెద్ద డాక్టరమ్మ అరవలేదు. కిందటేటి జాబితా తెప్పించింది. తొమ్మిది మంది పిల్లల్లో ఈసారి ఏడుగురు వచ్చారట. ఇద్దరి జాడ లేదు. ఆ రెండు పేర్లు నాతోనే చదివించింది. అంతకంటే నన్ను కొట్టినా బాగుండేది.

బృందం వెళ్ళిన మర్నాడే గది ఖాళీ చేయమన్నారు. న్యాయమే. నీకు క్షమాపణ ఉత్తరం పంపిస్తామన్నారు. నేను ఒప్పుకోలేదు. "పదిమంది ముందు దోషిని చేశారు కదా సార్, పదిమంది ముందే తప్పయిందని చెప్పండి" అన్నాను. జీవితంలో మొదటిసారి విజయేందర్ గారికి ఎదురు మాట్లాడాను. చాలాసేపు గొణిగి ఒప్పుకున్నారు.

రేపు పదింటికి ఆయన, డాక్టరమ్మ మోండా మార్కెట్‌కి వస్తున్నారు. నీతో పనిచేసే ఆడవాళ్ళందరినీ పిలిచి కూర్చోబెట్టుకో. అమ్మనూ తెచ్చుకో. మళ్ళీ ఈ ఇంటికి రావాలో వద్దో నీ ఇష్టం.

నేను రాను. నన్ను చూస్తే నీ మనసు కరుగుతుంది, ఆయన నోరు తెరిచేలోపే "పోనీలే సార్" అనేస్తావు.

అనకు. పూర్తిగా చెప్పనివ్వు.

స్వర్ణలత