నువ్వడిగిన ప్రెసిడెంటు సంగతులు

అవాలి, బహ్రెయిన్
శుక్రవారం

చిరంజీవి సోమరాజుకు అమ్మ దీవించి రాస్తున్న సంగతులు. నేనిక్కడ కులాసాగానే ఉన్నాను. అక్కడ అందరూ కులాసాయేనా అని మాత్రం ఈసారి అడగను. ఎవరు కులాసాగా లేరో నాకు తెలుసు.

ఫోను ఉండగా ఈ ఉత్తరమేమిటని నవ్వుకుంటావు. ఫోను చేస్తే నువ్వు స్పీకరులో పెడతావు. నీ చుట్టూ ఉన్న కండువాలవాళ్ళు "అమ్మా, బాగున్నారా?" అని అరుస్తారు. వాళ్ళ ముందు నేను నిన్ను తిట్టలేను, వాళ్ళ ముందు నువ్వు పడలేవు. అందుకని సాయికుమారి చేతికిచ్చి పంపుతున్నాను. మన పక్క ఊరి పిల్లే, ఇక్కడ మాకు దగ్గర్లోనే నువైద్రాత్‌లో ఉంటుంది, సెలవు మీద వస్తోంది. ఒక్కడివే కూర్చుని చదువుకో.

మోకాళ్ళ నొప్పి ఎలా ఉందన్నావు. తగ్గింది. ఎండలు ముదిరాయి గానీ ఇంట్లో ఏసీ ఉంటుంది కాబట్టి పర్వాలేదు, బట్టలు ఆరేయడానికి వెళ్ళినప్పుడే ఒళ్ళు పేలిపోతుంది. సెలవు అడిగాను, ఇంకా తేలలేదు.

ఇక నీ పెద్ద మెసేజీ. "అమ్మా, మీ అమెరికా సారు ఎప్పుడూ పొగిడే పాతకాలం ప్రెసిడెంటు పేరేంటి? అన్న పుట్టినరోజు సభలో నేను మాట్లాడాలి. ఆయన్నీ అన్ననీ పోలుస్తూ నాలుగు పాయింట్లు పంపు" అని రాశావు. ఓట్లేయించుకున్న ఎమ్మెల్యేని తోడబుట్టినవాడిలా అన్న అనడం ఎప్పుడు మొదలైందో నాకు తెలియదు. సరే, అడిగావు కాబట్టి చెబుతాను.

ఆయన పేరు ఆండ్రూ జాక్సన్. రెండు వందల ఏళ్ళ నాటి మాట. మా సారు చమురు కంపెనీలో పెద్ద ఉద్యోగం చేసి దిగిపోయిన మనిషి, భార్య పోయింది, కబుర్లు చెప్పుకోవడానికి నేను తప్ప ఎవరూ లేరు. రోజూ నాలుగింటికి టీ తాగుతూ ఈ ప్రెసిడెంటు కథ ఎత్తుతారు. పుట్టకముందే తండ్రి పోయాడట. పద్నాలుగేళ్ళకి తల్లీ పోయిందట. అలాంటివాడు చదువుకున్న పెద్దింటి దొరల్నందర్నీ తోసుకుంటూ వెళ్ళి గద్దె ఎక్కాడని చెప్పేటప్పుడు సారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటారు. మొదట్లో నాకూ కళ్ళు చెమర్చేవి. నువ్వు గుర్తొచ్చేవాడివి.

ప్రమాణం చేసిన రోజున జనం బురద బూట్లతో ఆయన ఇంట్లోకి వచ్చేసి, పట్టు కుర్చీల మీదికెక్కి నిలబడ్డారట. గాజు సామాను పగిలిందట. వాళ్ళని బయటికి రప్పించడానికి పచ్చిక మీద తొట్లతో మందు పెట్టారట. "జనం తమ ఇంట్లోకి తాము వచ్చారు, కుమారీ!" అని నాతో అంటూ సారు చప్పట్లు కొట్టి నవ్వారు.

"మరి ఆ తివాచీలు ఎవరు ఉతికారండీ?" అని అడిగాను.

సారు నవ్వు ఆపి నా వైపు చూశారు. "అదా నీకు తోచింది?"

"నాకు అదే తోస్తుందండి. ఆయన ఇంట్లో పని ఎవరు చేసేవారు?"

కప్పు కింద పెట్టి, "బానిసలు" అన్నారు. ఆయన పొలం మీద నూరుకు పైగా ఉండేవారట. పేదల మనిషి ఇంట్లో గిన్నెలు తోమింది కొనుక్కొచ్చిన మనుషులు. రాసుకో, ఇది మొదటి పాయింటు.

తన వెనక తిరిగినవాళ్ళకి సర్కారు ఉద్యోగాలు పంచిపెట్టాడట కూడా. మార్కెట్ కమిటీలో నీకు చోటిస్తానని మీ అన్న అన్నాడని రాశావు కదా. ఈ పోలిక బాగానే కుదురుతుంది. సభలో గట్టిగా చెప్పు.

అన్నిటికన్నా పెద్ద ఘనకార్యం ఇంకోటి ఉంది. అక్కడ తరతరాలుగా ఉంటున్న ఆదివాసుల్ని ఏటి అవతలికి పంపెయ్యాలని చట్టం మీద సంతకం పెట్టాడు. పెద్ద కోర్టు వాళ్ళ వైపు తీర్పు చెప్పినా ఆ పని ఆగలేదు. "అవతల వాళ్ళకి బోలెడు భూమి ఇచ్చారు" అన్నారు సారు.

"ఎలా వెళ్ళారండీ?"

"ఎక్కువమంది నడిచే."

"ఏ కాలంలో?"

"చలికాలంలో." ఆ మాట కప్పులోకి చూస్తూ అన్నారు. నాలుగు వేలమంది దాకా దారిలో పోయారంటారట. "కానీ అప్పటికి ఆయన గద్దె దిగిపోయాడు" అని చేతులు దులిపేసినట్టు చెప్పారు.

ఇది విన్న వారానికే సాయికుమారి తన ఫోనులో నీ వీడియో చూపించింది. కాలవగట్టు సుందరీకరణ. పేరు ఎవరు పెట్టారోగానీ బాగుంది. పొక్లెయిను గుడిసెల్ని ఒక్కొక్కటే తోసేస్తుంటే పక్కన తెల్ల చొక్కాలో నువ్వు, చెయ్యెత్తి జై కొడుతూ. ముప్పై రెండు గుడిసెలు. కోర్టు ఇచ్చిన స్టే కాగితం పట్టుకుని ఎవరో ప్లీడరు గుమాస్తా అరుస్తున్నాడు, వినేవాడు లేడు. అందరికీ ఏటవతల లంకలో స్థలాలిచ్చామని మీ అన్న మైకులో చెబుతున్నాడు. గోదారి పొంగితే ఆ లంకలో మొలలోతు నీళ్ళని మైకుకి తెలియదు కాబోలు.

మీ అన్న పేదవాడి బిడ్డ అని రాశావు. నిజమే, పేదవాడి బిడ్డే. గుడిసెకి ఏ గుంజ పట్టుకుని లాగితే మొత్తం కూలుతుందో అందుకే అంత బాగా తెలిసింది.

ఎనిమిదో గుడిసె నరసాయమ్మ మామ్మది. నీకు చెప్పనక్కర్లేదు, అందులోనే పెరిగావు. మీ నాన్న పోయి నేను ఈ దేశం వచ్చేనాటికి నీకు ఎనిమిదేళ్ళు. కన్నబిడ్డలు లేని మనిషి, మనకి చుట్టం కూడా కాదు, నీకు జ్వరమొస్తే గేదె పాలు అమ్మడం మానేసి నీ పక్కనే కూర్చునేది. మనం ఇల్లు కట్టుకున్నాక వచ్చి ఉండమంటే, "నా గేదెని ఏడ కట్టుకోనే?" అని రాలేదు. వీడియోలో ఆవిడ బిందె ఒకటి ఒళ్ళో పెట్టుకుని గట్టు మీద కూలబడి ఉంది. నువ్వు ఆవిడ వైపు చూశావు. నేను పదిసార్లు వేసి చూశాను, అనుమానం లేదు. చూసి, మొహం తిప్పుకుని, ఇంకా గట్టిగా జై అన్నావు.

నేను నిన్నొక్కడినే అనడం లేదు. పోయిన ఎలక్షన్లకి చుట్టాలందరికీ ఇక్కడినుంచి ఫోన్లు చేసి ఆయనకే వేయమని చెప్పింది నేనే. గెలిచిన రోజున నువైద్రాత్‌లో సాయికుమారి గదిలో కేకు కోస్తే మొదటి ముక్క నేనే తిన్నాను. తలచుకుంటే నామీద నాకే రోత పుడుతోంది.

ఇంకో సంగతి ఉంది. రాయకుండా దాటేద్దామని ఇంతసేపూ చూశాను.

ఆ వీడియో నా ఫోనులోకి వేయించుకుని వంటింట్లో చూస్తుంటే సారు టీ కోసం వచ్చారు. ఏమిటని అడిగితే చూపించాను. కళ్ళజోడు సవరించుకుని చూసి, "ఆ తెల్ల చొక్కా కుర్రాడు ఎవరు?" అన్నారు.

"తెలియదండీ. ఎవరో ఊళ్ళో వాడు" అన్నాను.

"గట్టివాడు. పైకొస్తాడు" అన్నారు సారు.

పదహారేళ్ళుగా ఈ ఇంట్లో నీ చిన్నప్పటి ఫొటో చూపించని మనిషి లేరు. నా కొడుకు, నా కొడుకు అని ప్రాణం తీశాను. ఆవేళ నిన్ను ఎవరో అన్నాను. సిగ్గుతో అన్నాను. ఆయన తిట్టి ఉంటే నీ తరఫున దెబ్బలాడేదాన్నేమో. మెచ్చుకున్నారు, అది మరీ భరించలేకపోయాను. మర్నాడు టీ ఇస్తూ చెప్పేశాను: "సార్, ఆ కుర్రాడు నా కొడుకు. బిందె పట్టుకున్న ముసలావిడ వాణ్ణి పెంచింది." సారు కప్పు ముట్టుకోలేదు. టీ చల్లారిపోయింది. అప్పటినుంచి ప్రెసిడెంటు కథలు ఖలాస్. ఎత్తడం లేదు.

గుడిసె పోయాక స్కూలు వరండాలో తలదాచుకున్న నరసాయమ్మ మామ్మతో మొన్న పక్కవాళ్ళ ఫోనులో మాట్లాడాను. శుక్లాలు ముదిరి చూపు సరిగా ఆనడం లేదు కదా. "జనం అరుత్తుంటే మన సోమరాజుగాడి గొంతులా ఇనిపించిందే కుమారీ" అంది. వెంటనే తనే, "ఆడెందుకుంటాడే ఆడ! ఉంటే ఆపేవోడు కాదా? నా చెవులకీ వయసొచ్చేసింది" అని నవ్వింది. వాడే అని చెప్పడానికి నోరు తెరిచాను. మళ్ళీ మూసేసుకున్నాను. అది నేను చెప్పాల్సిన మాట కాదు.

సాయికుమారి వచ్చిన మర్నాడు మామ్మని మన ఇంటికి తీసుకొస్తుంది. ఇల్లు నా పేరున ఉంది, కాబట్టి నీ అనుమతి అడగడం లేదు. గేదెని పెరట్లో కట్టండి. నువ్వు నీ బట్టలు తీసుకుని, తాళం చెవి మామ్మ చేతికిచ్చి, కొన్నాళ్ళు మీ అన్న దగ్గరే ఉండు. అంత పెద్ద గుండె ఉన్నవాడు నీకు ఓ మంచం వేయలేడా?

ఎప్పుడు తిరిగి రావాలనిపిస్తే అప్పుడు రా. వచ్చి తలుపు కొట్టు. ఆవిడకి కనబడదు, ఎవరూ అని అడుగుతుంది. ఆవేళ కాలవగట్టు మీద అరిచిన గొంతు నీదేనని గడప బయటే నిలబడి చెప్పు. అప్పుడు కూడా లోపలికి రమ్మంటే వెళ్ళు.

ఇట్లు,
నిన్ను నా కొడుకేనని ఒప్పుకున్న
అమ్మ,
సత్యకుమారి