రాజు గొంతు

బరంపురం, జనవరి 4

ప్రియమైన నాన్నకు,

బేబీ నమస్కారాలు. పదిహేను రోజులు నోరు విప్పొద్దని డాక్టరు అన్నాడు కదా! ఫోను చేస్తే నువ్వు మాట్లాడకుండా ఉండలేవు. అందుకే చేపల వ్యాను నడిపే అమిత్ చేత ఈ ఉత్తరం పంపుతున్నాను. జవాబు కూడా అతనికే ఇవ్వు.

ఇరవయ్యో తేదీన నాటకాల పోటీ. నేను రాసిన మొదటి నాటకం, నీ రాజు వేషం. గెలిస్తే పుస్తకంగా అచ్చు వేస్తారట. విషాదాంత నాటకంలో రాజును శత్రువు చంపడని మా క్లాసులో చెప్పారు. ఇంకా పైకెక్కాలన్న ఆశే చంపుతుంది. ఆగమన్నా వినడు. మన రాజు అచ్చం అలాంటివాడే. నీ గొంతు పరీక్ష కాగితం సోమవారం ఆసుపత్రి నుంచి తెచ్చుకుంటాను.

నీ కూతురు
బేబీ

గంజాం, జనవరి 8

అమ్మా బేబీ,

ఆశీస్సులు. నోరు కట్టేసుకుని కూర్చున్నాను. ఒడ్డున చేపల వేలం మీ అమ్మే పాడిస్తోంది. నిన్న కోనాం చేపల గంప దగ్గర నేను చేత్తో ధర చూపిస్తూ నోరు తెరవబోతే, "నువ్వు ఊరుకో. గొంతు పోతే ఏటి తింటాం? నాను సెప్తాను కదా!" అని అందరిముందూ కసిరింది.

వేలం పాడించే మసేనుని ఎవరూ పట్టించుకోరు. రాజు వేషంలో వస్తే జనం లేచి నిలబడతారు. ఆ రుచి వదలడం కష్టం తల్లీ. కాగితంలో ఏముందో ఉన్నదున్నట్టు రాయి.

మీ నాన్న
మసేను

బరంపురం, జనవరి 12

ప్రియమైన నాన్నకు,

కాగితం వచ్చింది. చిన్న వాపేనట, భయం లేదు. పోటీ రోజున ఒక్కసారి గొంతెత్తితే ఏమీ కాదు. కాగితం నా దగ్గరే ఉంచాను. చివరి రంగంలో కేక మాత్రం తగ్గించకు, జడ్జీలు దానికే మార్కులు వేస్తారు.

బేబీ

బరంపురం, జనవరి 27

నాన్నా,

మొదటి బహుమతి వచ్చిందని చెప్పుకునే మొహం నాకు లేదు. చివరి కేక తర్వాత పడిపోయిన నువ్వు లేవకపోతే అదీ నటనే అనుకుని జనం చప్పట్లు కొట్టారు. నీ నోట్లోంచి రక్తం రావడం నేను చూశాను. ఆసుపత్రిలో అమ్మ, "డాక్టరు ముందే ఏటీ సెప్పలేదా?" అంటే మందులు తెస్తానని బయటికి వచ్చేశాను.

చెప్పాడు నాన్నా. వెంటనే ఆపరేషను చెయ్యాలని, అరిస్తే ఇక మాట రాదని కాగితంలో ఉంది. పుస్తకం మీద నా పేరు చూసుకోవాలని దాచాను. అమ్మకు కూడా నిజం రాసేశాను. ఇంటికి రావాలంటే కాళ్ళు రావడం లేదు.

నీ పాపిష్టి కూతురు

గంజాం, ఫిబ్రవరి 2

బంగారు తల్లీ,

మనం ఆసుపత్రికెళ్ళిన ఆ మొదటి రోజు, నువ్వు మందుల దుకాణానికి వెళ్ళినప్పుడు, గొంతులోకి కెమెరా పెట్టి చూసిన డాక్టరు నాకు అంతా చెప్పేశాడు. వేషం వేస్తే మాట పోతుందన్నాడు. నేను మీకు చెప్పలేదు. నువ్వు ఆపితే ఆగుదామనే ఉన్నదున్నట్టు రాయమన్నాను. ఆపకూడదని దేవుడికి మొక్కుకున్నాను కూడా. చిన్న వాపేనన్న నీ ఉత్తరం అబద్ధమని తెలిసీ సంతోషంతో గంతేశాను.

ఈ ఆరు రోజులూ మీ అమ్మ నిన్ను శాపనార్థాలు పెడుతుంటే వింటూ కూర్చున్నాను. ఇవాళ పలక మీద నిజం రాసి చూపించాను. చదివి, "పిల్ల మీదకి తోసేసి ఊరుకున్నావేటి?" అంది. ఇప్పుడు నీ దగ్గరికే బయల్దేరింది, ఈ ఉత్తరం ఆవిడ చేతికే ఇస్తున్నాను.

జవాబు చెప్పడానికి గొంతు లేకపోవడమే నయమనిపించింది.

మీ నాన్న