వెరోనికమ్మ తెల్లజుట్టు

ఫిబ్రవరి 3, ఉదయం. విజయవాడ

మీరు దేన్నీ ఉన్నట్టు ఉండనివ్వరు. ఎవరీ మీరు అని అడక్కండి, ఈ పేజీ చదువుతున్నది మీరే. కృష్ణలో ఇసుక మింగారు. కొండల్ని కంకర చేశారు. ముప్పై ఏళ్ళుగా కాలమ్ రాస్తున్నాను, మీకు చీమ కుట్టినట్టయినా లేదు. బీపీ మాత్రం నాకొచ్చింది. కొన్నాళ్ళు వార్తల జోలికి వెళ్ళొద్దన్నాడు డాక్టరు. మా ఆయన లక్ష్మీకాంత్ పడకా పొయ్యీ ఉన్న క్యాంపర్ వ్యాన్ అద్దెకు తెచ్చాడు. వెళ్తున్నాం. ఓపిక ఉండి కాదు.

మధ్యాహ్నం

కరకట్ట మీద. ఒక పక్క నది, ఒక పక్క అరటితోటలు. బావుంది. ఒడ్డు పొడుగునా గెస్ట్‌హౌస్‌లు. వాటి మీద అరగంట మాట్లాడాను. కనీసం సముద్రంతో డిబేట్ పెట్టొద్దని లక్ష్మీకాంత్ బతిమాలాడు.

ఫిబ్రవరి 4. హంసలదీవి

నది సముద్రంలో కలిసే చోట నీళ్ళ రంగు మారుతుంది. మడచెట్ల మీద కొంగలు. ఏమీ అనిపించలేదు. పడుకున్నాను.

ఫిబ్రవరి 5

తిరిగి వస్తుంటే ఒక పేటలో చిన్న కేథలిక్ గుడి. గోడల మీద సిలువమార్గం బొమ్మలు, ఏసు సిలువ మోసుకెళ్ళిన దారిలోని పద్నాలుగు ఘట్టాలు. డెబ్బై ఏడు ఉప్పెన తర్వాత మరియదాసని, బెజవాడలో సినిమా బ్యానర్లు గీసే ఆయన వేశాడట. ముఖాలన్నీ ఉప్పెనలో పోయిన పేటవాళ్ళవి. బతికినవాళ్ళు పోలికలు చెబుతుంటే గీశాడు. సైనికుల ముఖాలు ఎవరివంటే మాత్రం నవ్వుతారు, చెప్పరు.

నాకు కాలు కదల్లేదు. నిజం.

కానీ ఆరో బొమ్మ! ఏసు ముఖం తుడిచే వెరోనికమ్మ. మిగతావాటి మీదా అక్కడక్కడా పూతలున్నాయి గానీ, ఆవిడ మీద ఎవరో ఎనామెల్ పెయింట్ పూత మీద పూత పులిమారు. జుట్టు తెల్లగా, బుగ్గలు జారిపోయి. ఎవరు పాడుచేశారని గుడి తాళం తీసిన అమలమ్మని అడిగాను. నా వయసే ఉంటుంది. మేమేనండి అంది. నేనింకేం అడగలేదు.

వ్యాన్‌లో కూర్చుని ఫొటోలతో పోస్ట్ పెట్టాను. ఆ పూతలన్నీ గీకేసి ఒరిజినల్ బయటికి తీయాలి, వెంటనే.

ఫిబ్రవరి 6. పామర్రు

పోస్ట్ ఊరూరా తిరుగుతోంది. హైదరాబాద్ నుంచి పవన్‌కుమార్ అని ఒకతను ఫోన్ చేశాడు. పాత కట్టడాలు బాగుచేసే ట్రస్టట. ఖర్చంతా వాళ్ళదే. కారుతున్న పైకప్పు కూడా వేస్తామన్నారని ఫాదర్ గారు సంతోషంగా ఒప్పుకున్నారు. సోమవారం గోకేవాళ్ళు దిగుతారు.

గెలిచాను. ముప్పై ఏళ్ళలో మొదటిసారి.

లక్ష్మీకాంత్ పెసరట్టు తినిపించాడు. డాక్టర్‌కి చెప్పొద్దన్నాడు.

ఫిబ్రవరి 7

గెలిచిన గోడ చూసుకుందామని మళ్ళీ వెళ్ళాం. అమలమ్మ తాళం తీయలేదు. మెట్టు మీదే కూర్చుంది. వెరోనికమ్మ ముఖం అమలమ్మ వాళ్ళమ్మదట. ఏటా గుడ్ ఫ్రైడేకి ఎవరి మనిషికి వాళ్ళే రంగు వేసుకుంటారట. పొరల కింద మీ అమ్మ అసలు ముఖం ఉంది, అది దొరుకుతుంది కదా అని నచ్చజెప్పాను. కళ గురించి కూడా చెప్పాను.

అంతా విని అంది: "ఉప్పెన నాటికి మా అమ్మకి ఇరవై ఆరండి. నేనిప్పుడు అమ్మమ్మనయ్యాను. ఆవిడ్ని ఇంకా పడుచుపిల్లలా నిలబెట్టి దణ్ణం పెట్టుకోమంటారా? ఉండుంటే ముసలిదయ్యేది కదండీ. అందుకే ఏటా కాస్త తెల్లరంగు."

మీవాళ్ళకయితే ఫొటోలుంటాయి లెండి, అని కూడా అంది.

నేనూ ఆ మెట్టు మీదే కూర్చున్నాను. వాళ్ళమ్మ ఎలా ఉండేదో చెప్పమన్నాను.

ఫిబ్రవరి 8

పవన్‌కుమార్‌కి ఫోన్ చేసి ఆపమన్నాను. ఎంతో మర్యాదగా నా పోస్టే నాకు చదివి వినిపించాడు. సెంటిమెంట్‌కి లొంగితే వారసత్వం మిగలదు: అది మూడో పేరా. మీ మాటలేగా మేడమ్ అన్నాడు. ఫాదర్ గారు పైకప్పు కేసి చూపించారు. గోడ గీకనివ్వకపోతే పైకప్పు లేదన్నారట వాళ్ళు.

అలసిపోయాను. వాదించడానికి కాదు. అవతలి పక్క కూడా నేనే ఉన్నాను.

ఫిబ్రవరి 9, ఆదివారం

వ్యాన్ గుడి గుమ్మానికి అడ్డంగా పెట్టాం. లక్ష్మీకాంత్ వ్యాన్ తాళంచెవి జేబులో వేసుకుని పూజకొచ్చినవాళ్ళకి టీ కాస్తున్నాడు. రేపు వాళ్ళొస్తే చేతికివ్వడానికి:

1. గోడ గీకొద్దు.
2. పైకప్పు వేయండి. షరతులు పెట్టొద్దు.
3. గుడ్ ఫ్రైడే రోజు ఎవరి మనిషికి వాళ్ళని రంగు వేసుకోనివ్వండి. వెనక నిలబడి సలహాలు చెప్పొద్దు.
4. ఈ ఏడు అమలమ్మ వాళ్ళమ్మకి కళ్ళజోడు పెడుతుందట. పెట్టనివ్వండి.