బాగలేదు అనే జవాబు

మే 6
కంబదూరు పక్క పల్లెలో సర్వే మొదలు. ట్యాంకర్ నీళ్ల గురించి. ట్యాబ్‌లో ప్రశ్న — నీళ్లు ఎలా ఉన్నాయి? కింద మూడే జవాబులు. చాలా బాగున్నాయి. బాగున్నాయి. ఫర్వాలేదు.
'బాగలేదు' కోసం వెతికాను... లేదు.
మొదటి ఇంటి లక్ష్మక్క గ్లాసు నా చేతికే ఇచ్చింది. ఉప్పన. తుప్పు వాసన. "తాగి నువ్వే చెప్పు తల్లీ, యాడ బాగుండాయో."
ఏదీ నొక్కలేదు. నొక్కకపోతే తర్వాతి ప్రశ్న రాదు. రాకపోనీ.

మే 7
సూపర్‌వైజర్ ప్రసాద్ గారికి ఫోన్ చేశాను. "ఫర్వాలేదు అని నొక్కు పోమ్మా. అదీ బాగలేదన్నట్టే కదా."
కాదు. ఫర్వాలేదంటే సర్దుకున్నామని. ట్యాంకర్ పెంచాలా, ఆపాలా అన్నది ఈ జవాబులు చూసే తేలుస్తారు.
నొక్కనన్నాను. గట్టిగానే.

మే 9
మార్చారు. ఇప్పుడు మాటలే లేవు — ఒకటి నుంచి ఐదు వరకు ఉత్త అంకెలు. ఐదు అంటే చాలా బాగున్నట్టు. అది మాకు చెప్పారు, తెర మీద రాయలేదు. ప్రసాద్ గారు ఫోన్‌లో — "నీకు మాటలతోనే కదా పేచీ!"
గొర్రెలు తోలుకొని పోతున్న ఎంకటేశన్న నిలబడ్డాడు. "ఐదెయ్."
అంత బాగున్నాయా అన్నా?
"బాగుండేదేంది! ట్యాంకరు ఐదు దినాలకోతూరి వస్తాది, అందుకు ఐదు."
నవ్వాను. తర్వాత ఒళ్లు మండింది.

మే 10
అంకెలకు నేనే పేర్లు పెట్టాను. అస్సలు బాగలేదు, బాగలేదు, ఫర్వాలేదు, బాగుంది, చాలా బాగుంది. గడప గడపకూ ఐదూ చదువుతున్నాను. ఎంకటేశన్న దగ్గరికీ మళ్లీ వెళ్లాను. రెండు వేయమన్నాడు.
లక్ష్మక్క తన చెవి నా దగ్గరికి తెచ్చింది. "మొదటిది ఇంగోతూరి చెప్పు... ఆ, అదే. అదే ఎయ్."
నాయన అన్నం ముందు కూర్చుని — "ఉండే పని పోగొట్టుకుంటాండావు."
పోతే పోనీ.

మే 11
పని. ఎండ. గొంతు పోయింది.

మే 12, శనివారం
ప్రసాద్ గారి ఫోన్. నువ్వు తిరిగే పల్లెలోనే అంకెలు ఇంత తక్కువ వస్తాండాయి, నువ్వే చెప్పించినావా?
"చెప్పించలేదు సార్. చెప్పనిచ్చినాను."
అయితే సోమవారం ట్యాబ్ ఇచ్చేసిపో.
పంపినవి ఉంచుతారో, చెరిపేస్తారో... అడిగాను. ఫోన్ పెట్టేశాడు.
పల్లెలో ఒక వీధి మిగిలింది. రేపు ఆదివారం, అందరూ ఇళ్లలోనే ఉంటారు. మొదటి బస్సుకే పోతాను.