మార్సియా చేసిన ఎర్ర షర్బత్

డిసెంబరు 25, రాత్రి

పై వాటాలో అద్దెకుంటున్న డాన్స్ టీచర్ మార్సియా ఈ సాయంత్రం మమ్మల్ని క్రిస్మస్ భోజనానికి పిలిచింది. సినిమా షూటింగ్‌లో డాన్సులు నేర్పే పని ఉండటంతో సొంత దేశం జమైకా వెళ్లలేకపోయింది. ఇంటికి దూరంగా ఆమెకిదే మొదటి పండుగ.

"సారెల్ షర్బత్ లేనిదే మాకు క్రిస్మస్ కాదు" అంటూ జూబ్లీహిల్స్ షాపులన్నీ తిరిగింది. దొరకలేదు. మొన్న ఫోన్‌లో ఆ సారెల్ కాయల ఫొటో చూపిస్తే అత్తయ్య పకపకా నవ్వింది.

"ఇవి పుంటికూర కాయలు గాదా బిడ్డా! మా తమ్ముని చేన్ల మస్తుగున్నయి."

పుంటికూరంటే గోంగూరే. పుట్టినప్పటి నుంచి అది తింటున్నా, ఆ కాయలతో షర్బత్ చేస్తారని నాకు తెలియదు. నిన్న సంచెడు కాయలు వచ్చాయి. మార్సియా ఆ ఎర్ర రేకల్ని అల్లం, లవంగాలతో మరిగించి రాత్రంతా నాననిచ్చింది. ఈరోజు పచ్చి కందిగింజలతో కొబ్బరిపాల అన్నం, రమ్ములో నానిన పళ్ల కేకు కూడా చేసింది. అన్నీ ఒక్కతే! నేనైతే తలుపేసుకుని ఏడుస్తూ పడుకునేదాన్ని.

వీడియో కాల్‌లో వాళ్లమ్మకు గ్లాసు చూపించింది. ఆవిడ నమ్మలేక, "ఎక్కడిదే?" అంది. మార్సియా అత్తయ్యను పక్కకు లాక్కుని, "ఈ అమ్మ తెప్పించింది" అంది. ఫోన్‌లో వాళ్లమ్మ కళ్లు తుడుచుకుంది.

అత్తయ్య తెలుగులోనే, "ఫికర్ చెయ్యకమ్మా, నీ బిడ్డ మా ఇంట్లనే ఉన్నది" అంది.

కిందికి దిగుతూ నన్నడిగింది: "షూటింగ్ ఎప్పుడు అయిపోతదంట?"

వచ్చే నెలేనని, అది కాగానే మార్సియా వెళ్లిపోతుందని తెలిసి కూడా, "మెట్లు చూసుకుని దిగండి అత్తయ్యా" అన్నాను.