అడ్డంచెయ్యి అంజి ఎదిగిన తీరు

రాప్తాడు, జులై 6

ప్రియమైన నాయనకు,

మేము బాగున్నాం. శెనక్కాయ విత్తి ఇరవై రోజులైంది, వాన జాడ లేదు. మొక్కల కంటే ముందు అమ్మ వాడిపోయేలా ఉంది.

మన అడ్డంచెయ్యి అంజి బొమ్మల సీరియల్ మళ్లీ వస్తోంది. నువ్వు జైలుకు పోకముందు ఆదివారం పొద్దున నువ్వూ నేనూ ఆనందన్నా ఉగ్గాని తింటూ చూసేవాళ్లం కదా. పదేళ్ల పిల్లోడు. కత్తి వచ్చినా బండ వచ్చినా అరచెయ్యి అడ్డం పెడితే ఆగిపోయేది. ఎవర్నీ కొట్టేవాడు కాదు. ఇప్పుడు వాడికి పద్దెనిమిదేళ్లు చేశారు. ఎట్లా ఎదిగాడో చూపించనే లేదు. ఒక భాగంలో గురువును చంపుతారు, తర్వాతి భాగానికి వీడికి మీసం, కండలు, చేతిలో గొడ్డలి. పోయిన వారం ఒక్కడే పదకొండు తలలు పగలగొట్టాడు. మెదడు గోడకు అంటుకున్నట్టు కూడా వేశారు. నాకు ఏడుపొచ్చింది. పిల్లోణ్ణి పెంచడం చేతకాక చంపేసి, వాడి పేరు ఇంకొకడికి పెట్టారు.

నీ కూతురు,
త్రివేణి


జైలు, ఆగస్టు 2

బంగారు తల్లి త్రివేణికి నాయన దీవెనలు.

ఇక్కడా ఆదివారం టీవీ హాల్లో చూస్తున్నాం. అంజి గొడ్డలి ఎత్తితే బ్యారక్ మొత్తం ఈలలే. పక్కన కూర్చునే తాడిపత్రి నారాయణప్ప, "ఇప్పుడు మొగోడైనాడు సూడప్పా" అన్నాడు. నిజమే కదా. చెయ్యి అడ్డం పెట్టడం పిల్లల ఆట. మీ చిన్నాయనను రంగన్న నరికిన రోజు ఏ చెయ్యి అడ్డమొచ్చింది? నేను రంగన్నను నరికాను కాబట్టే ఊళ్లో మనం తలెత్తుకుని తిరుగుతున్నాం.

ఆనంద్‌కు పందొమ్మిది వచ్చాయి. ఈసారి జాతరలో మన పొట్టేలును వాడే కొట్టాలి. ఒక్క వేటుకు తల తెగాలి. రెండో వేటు పడితే ఇంటికే నామోషి, నీకు తెలుసు. ఆ తర్వాత, జనవరిలో నేను బయటికొచ్చేలోపు, రంగన్న తమ్ముడు ఓబన్నను ఏం చెయ్యాలో మీ పెదనాయన గంగప్ప వాడికి చెప్తాడు. విడుదలై పోతున్నవాడి చేత ఈ జాబు పంపుతున్నా, చదివి చింపెయ్.

నాయన జయరాం


రాప్తాడు, అక్టోబరు 8

ప్రియమైన నాయనకు,

జాబు చింపలేదు. ఇది జైల్లో ఎవరూ చదవకుండా, ములాఖత్‌కు వస్తున్నవాళ్ల చేత పంపుతున్నా. ఆ మాటలు నువ్వే రాశావని నమ్మడానికి నాలుగుసార్లు చదివాను.

జాతర అయిపోయింది. అన్న మొదటి వేటు పొట్టేలు మెడ మీద కాక భుజం మీద పడింది. అది పసిబిడ్డలా అరిచింది. రెండో వేటుకు చెవి తెగింది. జారిపోయిన కొడవలి మళ్లీ తీసుకుని, కళ్లు మూసుకుని మూడోది వేశాడు. జనం నవ్వారు. రక్తం చొక్కాతోనే గుడి వెనక వాంతి చేసుకున్నాడు. పెదనాయన వాడి జుట్టు పట్టి లేపి, "పొట్టేలు కాడ పోయిన పరువు ఓబన్న కాడ తెచ్చుకోరా. అమావాస్య నాడు వాడు హైవే మింద టీ అంగడికి వస్తాడు" అన్నాడు.

అప్పటినుంచి అన్న సరిగా తినడం లేదు. ఆదివారం ఆ బొమ్మలు చూస్తూ కొడవలి నూరుతున్నాడు. నువ్వు వద్దంటే ఆగుతాడు నాయనా. ఒక్క ముక్క రాయి. అమావాస్యకు పదమూడు రోజులుంది.

నీ త్రివేణి


జైలు, అక్టోబరు 14

త్రివేణికి,

ఆడపిల్లవు, మొగోళ్ల మాటల్లోకి రావద్దు. బొమ్మలు చూసి బతుకు నేర్చుకోవద్దు. ఓబన్న ఉంటే, గేటు దాటిన గంటలో నా తల తెగుతుంది. నీకు నాయన కావాలా, వద్దా? అన్నకు అన్నం పెట్టు.

నాయన


అనంతపురం ఆసుపత్రి, నవంబరు 3

ప్రియమైన నాయనకు,

అక్షరాలు వంకరగా ఉంటే ఏమనుకోకు, ఎడమచేత్తో రాస్తున్నాను.

అమావాస్య పొద్దున అన్న వెనకే ఆటోలో పోయాను. ఓబన్న టీ గ్లాసు పట్టుకుని కూర్చుని ఉన్నాడు. అన్న వెనకనుంచి కొడవలి ఎత్తాడు. నేను మధ్యలోకి దూరి చెయ్యి అడ్డం పెట్టాను. రెండు వేళ్లు బల్ల మీద పడ్డాయి. అరచెయ్యి ఎముక దాకా తెగింది. అన్న కొడవలి పారేసి, నా వేళ్లు ఏరి కండువాలో చుట్టుకున్నాడు. ఓబన్న మనుషులు రాళ్లతో వాడి పక్కటెముకలు విరగ్గొడుతున్నా ఆ కండువా వదల్లేదు. నేను వాడి మీద పడుకున్నాను. చివరికి ఓబన్నే అరిచాడు. "ఆపండ్రా. ఆ పాప చెయ్యి సూడండి. జీపు తీయండి."

వేళ్లు అతకలేదు. అన్న పక్క వార్డులో పక్కటెముకలకు కట్టుతో ఉన్నాడు. నిన్న ఓబన్న ఇక్కడికి వచ్చి, "మీ నాయన నా జోలికి రాకుంటే నేనూ రాను పాపా" అని పోయాడు. నమ్మాలో లేదో నాకు తెలియదు.

ఎనిమిదేళ్లుగా నీకు రాయని మాట ఒకటుంది. రంగన్న మీదికి నువ్వు బయలుదేరిన పొద్దున, వాకిట్లో నేను అంజిలాగా చెయ్యి అడ్డం పెట్టాను. తొమ్మిదేళ్లు నాకు. నువ్వు తోసేస్తే గుండ్రాయి మీద పడి నుదురు పగిలింది. నువ్వు వెనక్కి చూడలేదు. అంజి చెయ్యి అబద్ధమని ఆ రోజే అనుకున్నాను. కాదు నాయనా. రెండుసార్లూ చెయ్యి నాదే. నువ్వు ఆగలేదు, అన్న ఆగాడు.

ఆ సీరియల్ రాసేవాళ్లకు ఎవరైనా చెబితే బాగుండు. అంజికి కండలూ గొడ్డలీ అక్కర్లేదు. దెబ్బ తగిలితే తెగే చెయ్యి ఇచ్చి, అయినా అడ్డం పెట్టించి ఉంటే, వాడు ఎదిగి ఉండేవాడు.

జనవరిలో గేటు దగ్గరికి నేనే వస్తాను. నాకు నాయన కావాలి. పెదనాయన కూడా వచ్చి నీ చేతికి కొడవలి ఇస్తే మాత్రం, నాకింకా ఎడమచెయ్యి ఉంది.

నీ కూతురు,
త్రివేణి